ఫైళ్ళు ముందు వచ్చాయి, అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటింది. అంబాజీపేటకు దగ్గరలో ఉన్న మా ఊళ్ళో ఆ సాయంత్రానికే కరెంటు తీసేశారు. కొబ్బరి మట్టలు తీగల మీద పడి, రెండు మూడు చోట్ల స్తంభాలు ఒరిగిపోవడంతో, సరఫరా నిలకడగా రావడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దుటి నుంచి పది నిమిషాలు ఉండడం, పోవడం, మళ్ళీ రావడం, వచ్చినప్పుడల్లా బల్బు ఒకసారి మరీ ప్రకాశంగా, ఒకసారి మరీ గుడ్డిగా వెలగడం జరుగుతూ ఉంది. ఆ మధ్యలో నేను తొందరపడి కంప్యూటరు వేశాను. యూపీఎస్‌లో బ్యాటరీ పాడై ఏడాది దాటినా మార్పించలేదు. విండోస్ గుర్తు కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతుండగానే కరెంటు పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా, మరమ్మతు చేసుకుంటున్నానని చెప్పి, అరగంటకు మరమ్మతు కాలేదని చెప్పి, నీలిరంగు తెర దగ్గర ఆగిపోయేది.

ఆ కంప్యూటరులో ఏముందో చెబితే నా కంగారు అర్థమవుతుంది. మా నాన్నగారు గోదావరి మధ్య డెల్టా కాలువల మీద లస్కరుగా, అంటే కాలువల నీటిని కనిపెట్టి చూసుకునే ఉద్యోగిగా, పనిచేశారు. లాకు (కాలువ నీటిని అదుపుచేసే తలుపుల కట్టడం) దగ్గర ఎగువ మట్టం ఎంత, దిగువ మట్టం ఎంత, ఏ తలుపు ఎంత ఎత్తారు, వేసవిలో కాలువలు ఎప్పుడు కట్టేశారు, సార్వాకు (వానాకాలపు పంటకు) నీళ్ళు ఎప్పుడు వదిలారు అన్న లెక్కలను ఆయన ఉద్యోగ ధర్మంగా ఒక పుస్తకంలో రాసేవారు. ఇంటికి వచ్చాక అదే లెక్కను, దానితోపాటు ఆనాటి వాన, చేల పరిస్థితి, గట్టు మీద విన్న సంగతులు కలిపి రెండో పుస్తకంలో రాసుకునేవారు. 1978 నుంచి ఉద్యోగ విరమణ చేసేదాకా 25 ఏళ్ళ పుస్తకాలవి. 1996 నవంబరు 6 నాటి తుపానుకు పెంకులు లేచిపోయి, అటక మీద ఉన్న పుస్తకాల్లో కొన్ని తడిసి, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిని అలాగే వదిలేస్తే నా తరంతోనే అయిపోతాయన్న భయంతో, తెలుగు టీచరుగా పనిచేస్తున్న రోజుల్లో, 2009 నుంచి వాటిని ఫొటోలు తీయించడం, టైపు చేయించడం మొదలుపెట్టాను. అమ్మ పాడిన దంపుళ్ళ పాటలు, ఊడ్పుల పాటలు 31 రికార్డింగులు కూడా అందులోనే ఉన్నాయి. అమ్మ, నాన్న ఇద్దరూ ఇప్పుడు లేరు.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. ఫోను చేసి జరిగింది చెప్పగానే వాడన్న మొదటి మాట ఇది: “అత్తయ్యా, ఎవరొచ్చి ఫార్మాట్ కొడతానన్నా కొట్టనివ్వకండి. ఆ డిస్కు మీద ఇప్పుడు కొత్తగా ఏదీ రాయకూడదు.”

ఈ మాటను నేను ఇంత ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. కంప్యూటరు మొరాయిస్తే బాగుచేసేవాళ్ళు చాలామంది చేసే పని ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేయడం. గంటలో పని అయిపోతుంది, తెర వెలుగుతుంది, తెచ్చినవాళ్ళు డబ్బులిచ్చి పట్టుకెళ్తారు. పైపైన ఫార్మాట్ కొట్టినప్పుడు పోయేది ఎక్కువగా ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. ఫైళ్ళు డిస్కు మీద ఇంకా ఉంటాయి. ఆ చోటనే విండోస్ వేసినప్పుడు, కొన్ని వేల కొత్త ఫైళ్ళు పాతవాటి మీద పడతాయి. అలా పడిన చోట ఉన్నది ఇక ఏ ఉపాయంతోనూ తిరిగి రాదు. కాబట్టి మరమ్మతుకు ఇచ్చేముందు “లోపల ఉన్నవి కావాలి” అని ఒక మాట అనడం చాలదు. ఆ డిస్కును విప్పి చేతికివ్వమని అడిగి, కొత్త డిస్కు మీద పని చేయించుకోవడం క్షేమం.

విండోస్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవలసి వచ్చింది. నా కంప్యూటరు 2016లో కొన్నది, అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తున్న భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవారికి మరొక ఏడాది పొడిగింపు ఇచ్చారు గాని, అది గడువును జరపడమే తప్ప తీర్చడం కాదు. విండోస్ 11 వేద్దామంటే, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతోపాటు, ఇంటెల్ ప్రాసెసరైతే మామూలుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. నాది 6వ తరం. యంత్రం బాగానే పనిచేస్తున్నది, నాకు కావలసింది రాసుకోవడం, చదువుకోవడం, ఫొటోలు చూసుకోవడం మాత్రమే. అందుచేత విండోస్‌కు బదులుగా నడిచే లినక్స్ మింట్ 22 వేద్దామని నిర్ణయించుకున్నాం. దానికి 2029 దాకా సవరణలు వస్తాయి, డబ్బు కట్టనక్కరలేదు, ఇలాంటి పాత యంత్రాల మీద హాయిగా నడుస్తుంది.

కొత్తది వేయడానికి ముందు పాత డిస్కులోంచి తెచ్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నా చివరి బ్యాకప్ అక్టోబరు 5 ఆదివారం నాటిది. ఆ తర్వాత 3 వారాల్లో నేను శుద్ధప్రతి రాసుకున్న పేజీలు ఆ డిస్కులో తప్ప మరెక్కడా లేవు. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే కంప్యూటరును లేపితే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే పూర్తి కంప్యూటరు తెర మీదికి వస్తుంది. ఆ పెన్‌డ్రైవ్‌ను తయారు చేయడంలో చాలామంది వదిలేసే మెట్టు ఒకటి ఉంది. మింట్ మొత్తం ఒక్కటిగా ఉండే దాదాపు 3 జీబీల ఐఎస్ఓ ఫైలు మన నెట్టు వేగంతో దిగుమతి అవుతున్నప్పుడు మధ్యలో తెగి మళ్ళీ అతుక్కోవచ్చు. అది సరిగ్గా దిగిందో లేదో తెలుసుకోవడానికి మింట్ వాళ్ళు ఆ ఫైలుకు లెక్కగట్టిన 64 అంకెల, అక్షరాల ముద్రను తమ దగ్గర ఉంచుతారు. మన దగ్గరున్న ఫైలుకు అదే లెక్క కట్టిస్తే అదే ముద్ర రావాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. మేనల్లుడు మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది చూస్తే చాలన్నాడు. నేను మాత్రం 64నూ వేలు పెట్టి చూసుకున్నాను. నాన్నగారు నెలాఖరున రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని.

పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటరు లేచింది. పాత డిస్కును చదవడానికి మాత్రమే వీలుగా, రాయడానికి వీలులేకుండా తెరిచాం. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టిక ఒకటి ఉంటుంది. అందులో చదవడానికి లొంగక, తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల (డిస్కు మీది చిన్న చిన్న గళ్ళ) సంఖ్య 24 అని ఉంది. అది సున్నా ఉండాలి. అంటే విండోస్ లేవకపోవడానికి కరెంటు ఒక్కటే కారణం కాదు, డిస్కే అలసిపోయింది. అలాంటి డిస్కును ఎంత తక్కువ చదివిస్తే అంత మేలని, ఊరికే ఫోల్డర్లు తెరిచి చూడవద్దని వాడు పదే పదే చెప్పాడు. ఆ 3 వారాల ఫైళ్ళను, వాటిని మాత్రమే, వేరొక పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకుని, డిస్కును విప్పి, కాగితంలో చుట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టాను. అమలాపురంలో 512 జీబీల ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు కొని బిగించుకున్నాం.

మింట్ వేయడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అరగంటలో అయింది. ప్రింటరు దానంతట అదే దొరికింది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాం: సిస్టానికి 80 జీబీలు కేటాయించి, మిగిలిన చోటంతా నా సొంత ఫైళ్ళుండే హోం భాగానికి విడిగా ఇచ్చాం. రేపు మింట్‌ను మళ్ళీ వేయవలసి వచ్చినా, వేసేటప్పుడు ఆ భాగాన్ని ఫార్మాట్ చేయవద్దని గుర్తుపెట్టుకుంటే, నా ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. కీబోర్డు అమరికలో తెలుగు ఎంచుకోగానే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరిక వచ్చేసింది. విండోస్‌లో నేను పదేళ్ళకు పైగా టైపు చేస్తున్నదీ ఇన్‌స్క్రిప్టే కాబట్టి, యంత్రం మారినట్టు నా వేళ్ళకు తెలియలేదు. ఆపిల్ అనే మరో తెలుగు అమరిక అలవాటున్నవారికి అదీ లినక్స్‌లో దొరుకుతుంది.

ఇక బ్యాకప్ డిస్కు తగిలించి, అందులోని ఫైళ్ళను ఆర్‌సింక్ అనే ఆదేశంతో కొత్త డిస్కులోకి దింపడం మొదలుపెట్టాం. మౌసుతో లాగి పడేయడం కంటే దీనితో వచ్చే లాభం, ఫైళ్ళ పాత తేదీలు చెదరవు, మధ్యలో ఆగినా ఆగిన చోటి నుంచే సాగుతుంది, ఏవి రాలేదో చివర చెబుతుంది. 41,306 ఫైళ్ళకు దాదాపు 2 గంటలు పట్టింది. చివర, 7 ఫైళ్ళు రాలేదని చెప్పింది. కారణంగా చూపింది పేరు మరీ పొడవుగా ఉందని.

ఆ ఏడింటిలో ఒకదాని పేరు ఇది: “1986 ఆగస్టు గోదావరి వరదల నాటి లాకు మట్టాలు నాన్నగారి దినచర్య పుస్తకం రెండవ భాగం శుద్ధ ప్రతి చివరి దిద్దుబాటుతో”. పొడవైన పేరే, ఒప్పుకుంటాను. కాని విండోస్ దాన్ని ఏళ్ళ తరబడి ఏ అభ్యంతరమూ లేకుండా దాచిపెట్టింది, లినక్స్ ఎందుకు వద్దంటుంది? మేనల్లుడు చెప్పినదాన్ని బట్టి కూర్చుని లెక్కపెట్టాను. విండోస్ డిస్కు పేరును అక్షరాల చొప్పున కొలిచి 255 దాకా అనుమతిస్తుంది. మింట్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి పేరును బైట్ల చొప్పున కొలిచి 255 దగ్గర ఆపుతుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో ఇముడుతుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నాకూ మూడేసి బైట్లు పడతాయి. “శుద్ధ” అని రాస్తే కంటికి రెండక్షరాలు, శకారం, కొమ్ము, దకారం, పొల్లు, ధకారం కలిపి అయిదు, బైట్లలో 15. ఆ లెక్కన పై పేరులో తెలుగు గుర్తులు 91, బైట్లు 273. అంకెలు, మధ్య ఖాళీలు, చివర ఫైలు రకాన్ని చెప్పే చుక్క, నాలుగు అక్షరాలు కలిపి మరో 24. మొత్తం 297. పరిమితి దాటి 42 బైట్లు ఎక్కువ. అచ్చ తెలుగులో పేరు పెడితే లినక్స్‌లో మనకు దక్కేది 85 గుర్తులన్నమాట. ఇంగ్లీషు పేర్లు పెట్టుకునేవారికి ఈ ఇబ్బంది ఎప్పటికీ ఎదురుకాదు కనుక, దీన్ని గురించి హెచ్చరించేవారు కూడా అరుదు. ఆ 7 ఫైళ్ళనూ చిన్న పేర్లతో ఒక్కొక్కటిగా తెచ్చుకున్నాను. బ్యాకప్ డిస్కులో పేర్లు మార్చలేదు; అది ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి.

ఫైళ్ళన్నీ వచ్చాయి, లెక్క సరిపోయింది, పని అయిపోయిందనుకున్నాను. “లెక్క సరిపోవడం చాలదు అత్తయ్యా, ఒక్కో ఫోల్డరు నుంచి మూడేసి తెరిచి చూడండి, బాగా పాతవి కూడా” అని వాడన్నాడు. పాతవాటి జోలికి నేను వెళ్ళి చాలా ఏళ్ళయింది. 2009 నుంచి 2011 దాకా అమలాపురంలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించిన మొదటి రెండు పుస్తకాలు పేజ్‌మేకర్ (పుస్తకం పేజీలు అమర్చే ప్రోగ్రాం) ఫైళ్ళుగా ఉన్నాయి. పేజ్‌మేకర్ ఇప్పుడు లేదు గాని, ఆ ఫైళ్ళను తెరిచే ఏర్పాటు లిబ్రాఫీసు అనే రాతపని ప్రోగ్రాంలో ఉంది. తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద టోపీలు, చుక్కలు, మధ్య మధ్య పౌండు గుర్తులు, బ్రాకెట్లు. 180 పేజీల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఇది లినక్స్ తప్పు కాదు, డిస్కు తప్పూ కాదు. ఆ రోజుల్లో డీటీపీ పని ఎక్కువగా “అను” అనే పేరున్న తెలుగు ఫాంట్లలో జరిగేది, చాలాచోట్ల ఇప్పటికీ జరుగుతున్నది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెట్టారు. ఒక చోట తలకట్టు, ఒక చోట కొమ్ము, ఒక చోట వత్తు. ఫైలులో నిజంగా దాచి ఉండేది ఇంగ్లీషు గుర్తుల వరసే. ఫాంటు దానికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేకపోతే రూపం లేదు. యూనికోడ్‌లో అలా కాదు. అందులో తెలుగుకు సొంత స్థానాలున్నాయి కనుక, ఏ యంత్రంలో తెరిచినా, ఏ తెలుగు ఫాంటు ఉన్నా, కకారం కకారంగానే కనబడుతుంది. నేను 2012 నుంచి సొంతంగా టైపు చేసినవన్నీ యూనికోడ్‌లో ఉండడంతో అవన్నీ చక్కగా తెరుచుకున్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి తర్వాత తెలిసింది. ఈ ఫాంటు ఇప్పుడు పోయినది కాదు. 2016లో పాత కంప్యూటరు నుంచి కొత్తదానిలోకి మారినప్పుడు నేను డాక్యుమెంట్లు, ఫొటోలు, పాటలు అన్న మూడు ఫోల్డర్లను తెచ్చుకుని తృప్తిపడ్డాను. ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డరు లోపల. అది తెచ్చుకోవలసినదని నాకు తోచలేదు. అంటే 9 ఏళ్ళుగా ఆ రెండు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయన్న నమ్మకమే ఉంది తప్ప, చదవగలిగే స్థితిలో లేవు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఎంతో శ్రద్ధగా వాటిని బ్యాకప్ డిస్కులోకి ఎక్కిస్తూ వచ్చాను. ఒక్కసారైనా తెరిచి చూడలేదు.

అమలాపురం వెళ్ళి ఆ షాపు వెతికితే, అదృష్టం, అక్కడే ఉంది. అప్పటి కుర్రాడే ఇప్పుడు యజమాని. సంగతి చెప్పి, “నాయనా, అప్పటి సిస్టం ఏమైనా ఉందా?” అని అడిగాను.

“ఆయ్, ఉందండి టీచరు గారూ. పాత శుభలేఖల మోడళ్ళన్నీ దాన్లోనే ఉన్నాయండి, అందుకని తీయలేదు. దానికి నెట్టు మాత్రం పెట్టమండి” అని, మూలనున్న బల్ల మీద గుడ్డ తొలగించాడు.

విండోస్ ఎక్స్‌పీ కొండ బొమ్మతో తెర వెలిగింది. నా పెన్‌డ్రైవ్‌లోని ఫైలును అతను అందులో తెరవగానే, టోపీల, చుక్కల గుంపు ఉన్నచోట నాన్నగారి మాటలు నిలబడ్డాయి. “ఎగువ నీరు తలుపు అంచుకు జానెడు దిగువన యున్నది. రాత్రి లాంతరుతో రెండు పర్యాయములు చూచితిని” అన్న వాక్యం పైనే ఉంది. నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. అతను టీ తెప్పించాడు.

అక్కడ రెండు పనులు చేయించాను. మొదటిది, రెండు పుస్తకాలనూ పీడీఎఫ్‌లుగా మార్పించడం. పీడీఎఫ్‌లో వాడిన ఫాంటు రూపాలను ఫైలులోపలే పొదగవచ్చు కాబట్టి, అలా పొదిగితే ఫాంటు లేని యంత్రంలో కూడా పేజీ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. పొదిగేందుకు ఒక గడి ఉంటుంది, దాన్ని ఎంచుకోమని అడిగి మరీ చేయించుకోవాలి. రెండోది, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్పించడం. పీడీఎఫ్ చదవడానికే పనికివస్తుంది. వెతకడానికి, దిద్దడానికి, మరొకచోట వాడుకోవడానికి యూనికోడ్ పాఠం ఉండాలి.

ఆ మార్పిడి చేసే ప్రోగ్రాములు బాగానే పనిచేస్తాయి గాని, వాటి పనిని కళ్ళు మూసుకుని నమ్మకూడదు. పాత ఫాంట్లలో టైపు చేసినవారు కంటికి కనబడే క్రమంలో గుర్తులను పేర్చారు. క్రావడి (రకారపు వత్తు) అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది కనుక దాన్ని ముందు కొట్టి, అక్షరాన్ని తర్వాత కొట్టేవారు. యూనికోడ్‌లో క్రమం ఉచ్చారణను బట్టి ఉంటుంది. మార్పిడిలో ఈ తేడా అన్నిచోట్లా సర్దుబాటు కాకపోవడంతో “ప్రవాహం” కొన్నిచోట్ల “్రపవాహం” అయింది. వత్తు ఒక అక్షరం కింది నుంచి పక్క అక్షరం కిందికి జరిగిన చోట్లున్నాయి. మాటల్లో దొర్లిన తప్పు కంటికి దొరుకుతుంది. అంకెల్లో దొర్లితే దొరకదు. మట్టాల పట్టికలో ఒక అంకె మారితే ఆ రోజు కాలువలో ఎంత నీరుందన్న సంగతే మారిపోతుంది. అందువల్ల పట్టికలన్నిటినీ అసలు పుస్తకం ఫొటోలతో పోల్చి నేనే సరిచూస్తున్నాను. రోజుకు నాలుగైదు పేజీలకు మించి సాగడం లేదు.

పోయినది ఒకటుంది. అమ్మ పాటల్లో 30 వినబడ్డాయి, ఒకటి వినబడలేదు. 11 నిమిషాల దంపుళ్ళ పాట, మధ్యలో అమ్మ ఆగి, రోకలి పోటుకు పాట ఎక్కడ విరగాలో చెప్పిన రికార్డింగు అది. ఫైలు ఉంది, పేరు ఉంది, లోపల సున్నా బైట్లు. తేదీ చూస్తే 2023. అప్పుడెప్పుడో నా కంప్యూటరులో ఆ ఫైలు పాడైంది. నేను వాడిన బ్యాకప్ పద్ధతి అద్దం లాంటిది. కంప్యూటరులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా డిస్కులో ప్రతిబింబింపజేస్తుంది, ఇక్కడ తీసేసినదాన్ని అక్కడా తీసేస్తుంది, ఇక్కడ పాడైనదాన్ని అక్కడున్న మంచిదాని మీద రాస్తుంది. ఆ తర్వాత బ్యాకప్ తీసిన ఆదివారమే మంచి ప్రతి పోయింది. నేను చూసుకోలేదు. రాజమహేంద్రవరంలో ఉన్న మా అక్కకు ఆ పాటలో మొదటి భాగాన్ని ఒకప్పుడు ఫోనులో పంపాను. అది ఆమె దగ్గర దొరికింది, 3 నిమిషాలు. అమ్మ ఆగి చెప్పిన మాటలు అందులో లేవు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. కొత్త బ్యాకప్‌లో ప్రతి నెలా ఒక విడి ఫోల్డరు ఏర్పడుతుంది. మారని ఫైళ్ళకు మళ్ళీ చోటు పట్టకుండా, మారినవాటి పాత రూపాలు పాత నెలల ఫోల్డర్లలో అలాగే ఉండిపోతాయి. మింట్‌తోపాటు వచ్చే టైంషిఫ్ట్ వేరు. అది సిస్టాన్ని పాత స్థితికి తేవడానికి ఉద్దేశించినది, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే మన డాక్యుమెంట్లను కలుపుకోదు. అది ఉంది కదా అని ధీమాగా ఉండడం ప్రమాదం. పాత ఫాంట్లకు ఒక ఫోల్డరు పెట్టాను. ఫైళ్ళ పేర్లన్నీ 40 గుర్తుల లోపుకు కుదించాను.

ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అన్న సూత్రం ఒకటి ఈ రంగంలో అందరూ చెబుతారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో. వేరే ఊరు అన్నది మా కోనసీమ వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. ఏటిగట్టుకు గండి పడితే కంప్యూటరు ఉన్న గదిలోకీ, బ్యాకప్ డిస్కు ఉన్న గదిలోకీ నీళ్ళు ఒకేసారి వస్తాయి. నాన్నగారు ఒక పుస్తకం లాకు దగ్గర, ఒకటి ఇంటి అటక మీద ఉంచింది ఈ భయంతోనే. నా రెండో డిస్కు ఇక అక్క దగ్గర ఉంటుంది. రాజమహేంద్రవరంలో వాళ్ళుండేది మెరకలో, రెండో అంతస్తులో.

సంక్రాంతికి మేనల్లుడు వచ్చినప్పుడు ఇద్దరం ఆ డిస్కు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాం. డిస్కును ఊరికే ఆమె చేతికిచ్చి రావడానికి నాకు మనసొప్పలేదు. అక్క మనవరాలి ల్యాప్‌టాప్‌కు, నా ఫాంట్లు గాని నా అమరికలు గాని ఏవీ లేనిదానికి, దాన్ని తగిలించి, ఏదో ఒక ఫైలు తెరవమని ఆ పిల్లతో చెప్పాను. జాబితాను కిందికీ పైకీ జరిపి, ఒకచోట ఆగి నొక్కింది. తెలుగులోనే తెరుచుకుంది. 1986 ఆగస్టు పేజీ, పోయిన నెల నేను సరిచూసినదే. అక్క కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి జరిగి, పైకే చదివింది: “గండి పడెనని కబురు వచ్చెను. పిల్లలను, పుస్తకములను గట్టు మీదికి చేర్చితిని.” తర్వాతి పంక్తిలో మట్టం అంకె ఉంది. అదీ చదివి, ఆ రాత్రి పుస్తకాల మూట మోసింది తానేనని మనవరాలికి చెప్పడం మొదలుపెట్టింది.